మడిచిపెట్టిన అర డాలరు

మిషిగన్‌లో ఒక చిన్న ఊరు. మ్యాజిక్ చేసేవాళ్ళకి నాణేలు కోసిచ్చే హార్లన్ స్టబ్స్ ఇంటి వెనక షెడ్డు. మే నెల, మధ్యాహ్నం. గుమ్మంలో ఒక అమ్మాయి.

"రిపేర్లు మానేశానని బోర్డు పెట్టానుగా. చదవడం రాదా?"

"చదివానండీ. రిపేరుకి రాలేదు."

"కొనడానికైతే అసలు రాకు. కొత్త నాణెం కోసి తొమ్మిదేళ్ళయింది. లేత్ మిషను మీద బట్ట కప్పాను. ఆ బట్ట మీద పిల్లి పడుకుంటోంది. దాన్ని లేపి నీకు నాణెం కోసిపెట్టే ఓపిక నాకు లేదు."

"కొనడానికీ కాదు. మీరు చేసిన నాణెమే ఒకటి తెచ్చాను. ఇది విరిగిపోయేలా చెయ్యాలి."

"ఏవిటీ?"

"విరగాలి. రేపు పదకొండింటికి, అందరి ముందూ విరగాలి."

"అమ్మాయ్, విరగని నాణెం చెయ్యడానికి నలభై ఏళ్ళు తల బద్దలు కొట్టుకున్నాను. స్టబ్స్, ఇది వంకరపోయింది, స్టబ్స్, ఇది ఇరుక్కుపోయి ఊడి రావట్లేదు అని దేశంలో మ్యాజిక్ చేసే ప్రతివాడూ నా ప్రాణం తీసేవాడు. విరగ్గొట్టి పెట్టమని వచ్చింది నువ్వొక్కదానివే. ఎవరి తాలూకు నువ్వు?"

"మార్నీని. లయిల్ గార్నెట్ గారి అమ్మాయిని."

"ఎవరమ్మాయివీ?"

"వినబడలేదా అండీ?"

"వినబడింది. చెవులు బాగానే ఉన్నాయి. అప్పట్లో రెండు జడలుండేవి నీకు. బాబాయ్ బాబాయ్ అంటూ ఈ స్టూలెక్కి కూర్చునేదానివి. ఇప్పుడు గారూ అండీలు వచ్చాయన్నమాట."

"పదకొండేళ్ళయింది కదండీ."

"పదకొండేళ్ళకే వరస మారిపోతుందా? సరేలే. గుమ్మంలో నిలబడకు, లోపలికి రా. మీ నాన్న సంగతి విన్నాను. మంగళవారం పోయాడట కదా."

"మంగళవారం పొద్దున. గుండె. డాక్టర్లు చలికాలంలోనే చెప్పారట, నాతో అనలేదు. నేనుండేది షికాగోలో. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తే, నాకేంటే, గుండ్రాయిలా ఉన్నాను, గురువారం టొలీడో వెళ్ళడం ఒక్కటే మానేశాను అనేవాడు."

"టొలీడోలో ఏముంది?"

"హోటల్లో పని. భోజనాల దగ్గర బల్లబల్లకీ తిరిగి నాణేలతో మ్యాజిక్ చేసేవాడు. సూపు చల్లారేలోగా మూడు ట్రిక్కులు."

"బల్లల దగ్గర. అంత పనితనమున్న చేతులతో. సరే, సంగతేంటో చెప్పు."

"మీ మ్యాజిక్ క్లబ్బు ఆచారం ఉంది కదా. మ్యాజిక్ చేసేవాడు పోతే పూడ్చే ముందు ఆయన మంత్రదండం విరుస్తారు."

"తెలుసు. ఆరుగురివి నా చేత్తోనే విరిచాను. మెత్తటి చెక్క, పుల్లలా విరుగుతుంది. ఆ చప్పుడికి అప్పటిదాకా ఏడవనివాళ్ళు కూడా ఏడుస్తారు."

"నాన్నకి మంత్రదండం లేదు."

"ఎందుకుంటుంది? కర్ర పట్టుకున్నవాణ్ణి చూస్తే, కూర కలపడానికొచ్చావురా అనేవాడు. నాణెం తప్ప ఇంకోటి ముట్టుకోలేదు ఎన్నడూ."

"అదే. ప్రెసిడెంటు డన్‌హమ్ గారేమో, ఓ కర్రకి నల్లరంగేసి తెస్తాలే, దూరంనించి ఎవరికి తెలుస్తుంది అన్నారు. నాకు మనసొప్పలేదు. ఆయనది కాని కర్ర విరిస్తే ఏం విరిచినట్టు?"

"డన్‌హమ్‌కి బుర్ర ఎప్పుడూ అంతంత మాత్రమే."

"అందుకని ఈ అర డాలరు తెచ్చాను. ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది ఇదొక్కటే."

"ఇలా తే. ఊఁ. మడిచే నాణెం. నేను కోసిందే. మూడు ముక్కలు కోసి, అంచు చుట్టూ గాడి తీసి, గాడిలో రబ్బరు తొడిగింది. చూడ్డానికి మామూలు అర డాలరే. వేళ్ళతో నొక్కితే మడత పడి సీసా మూతిలోంచి దూరుతుంది, లోపలికెళ్ళాక రబ్బరే లాగి మళ్ళీ తెరుస్తుంది. ఇంత నాణెం సీసాలోకి ఎలా వెళ్ళిందిరా అని జనం నోరెళ్ళబెడతారు."

"దీన్ని వంచి విరవొచ్చా?"

"వెండి విరగదు పిల్లా. ట్రాక్టరెక్కినా సొట్ట పడుతుందంతే. దీంట్లో చచ్చేది ఒక్క రబ్బరే. దానికి ఎండ పడదు, వేడి పడదు, మడత అసలే పడదు. వాడాక తెరిచి, బల్లపరుపుగా పడుకోబెట్టాలి. మడిచి వదిలేస్తే రెండు మడతల దగ్గరా ప్రాణం పోతుంది. కొన్న ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట అదే."

"అయితే చచ్చిన రబ్బరు వేసివ్వండి. డన్‌హమ్ గారు వంచగానే తెగి, మూడు ముక్కలూ రాలాలి."

"మూడు ముక్కలూ రాలడం మీ నాన్న ఒకసారి చూశాడుగా. చాలలేదా?"

"ఆ మాట అంటారని తెలిసే వచ్చాను."

"అనకేం చెయ్యమంటావు? ఆగస్టులో మ్యాజిక్ చేసేవాళ్ళ జాతర. హాల్లో మూడొందలమంది. ముందు వరసలో లాస్ వేగస్ హోటల్‌వాళ్ళు, మీ నాన్నని ఉద్యోగానికి తీసుకుపోదామని వచ్చినవాళ్ళు. వాడు నాణెం సీసాలోకి కొట్టాడు. లోపల తెరుచుకోవాల్సింది తెగి, ముక్కలై పడింది. వాడేమో చూపించడానికి సీసా ఎత్తి ఊపుతున్నాడు. గలగలగల."

"నేనూ ఉన్నాను. మూడో వరసలో."

"తర్వాత వరండాలో నా చొక్కా పట్టుకున్నాడు. ఈ స్టబ్స్ నాణేలు నిలవవు, వీడి రబ్బరు కుళ్ళు రబ్బరు, ఎవరూ కొనకండి అని అరిచాడు. క్లబ్బు క్లబ్బంతా విన్నది."

"మీరేమో, అవును లయిల్, రబ్బరు చెడ్డది, తప్పు నాదే అన్నారు."

"అన్నాను."

"ఎందుకన్నారు?"

"రబ్బరు చెడ్డది కనక."

"కాదు."

"రబ్బరు సంగతి నువ్వు నాకు చెప్తావా?"

"కాదని నాకు తెలుసు. మడిచి వదిలెయ్యకూడదని కొన్న ప్రతివాడికీ చెప్పేవాణ్ణన్నారు. నాకెవరూ చెప్పలేదు."

"నీకెందుకు చెప్తారు? నువ్వు కొన్నావా?"

"తీశాను."

"ఏం తీశావు?"

"నాణెం. జాతరకి రెండ్రోజుల ముందు, నాన్న సంచిలోంచి. ఆయన చేసినట్టు చేద్దామని. నావి చిన్న వేళ్ళు, మడిస్తే జారిపోయి టప్పున తెరుచుకునేది. అమ్మ పోయాక ఆమె లిప్‌స్టిక్ ఒకటి నా దగ్గరుండేది. ఆ మూతలో దూర్చాను, సరిగ్గా సరిపోయింది. మూత గుప్పిట్లో పెట్టుకుంటే నాణెం కనబడదు, భలే ట్రిక్కు కనిపెట్టాననుకున్నాను. ఆ మూత కారులో ముందు అద్దం దగ్గర పెట్టి మర్చిపోయాను."

"ఆగస్టు ఎండ."

"రెండు రోజులు. జాతర పొద్దున గుర్తొచ్చి తీసి, తుడిచి, సంచిలో పెట్టేశాను. చూడ్డానికి బాగానే ఉంది. బాగానే ఉందనుకున్నాను బాబాయ్."

"మూతేం చేశావు?"

"చేతిలోంచి జారి సీటు కిందికి పోయింది. వెతికినా దొరకలేదు. ఆ కారు క్రిస్మస్‌కి ముందు అమ్మేశాడు నాన్న. మీరు ఆశ్చర్యపోరేంటి?"

"తెలుసు కనక."

"ఏం తెలుసు?"

"ఆ సాయంత్రం ముక్కలు నా మొహాన కొట్టాడుగా. ఈ లైటు కిందే చూశాను. రబ్బరు మీద రెండు చీలికలు, సరిగ్గా మడతల దగ్గర. గాడిలో ఎర్రటి మైనం. మీ నాన్న పెదాలకి రంగేసుకోడు కదా."

"చూసి?"

"స్పిరిటుతో ఎరుపంతా కడిగేసి, కొత్త రబ్బరు వేసి, పోస్టులో పంపించాను. ఇదే ఆ నాణెం."

"అంతా తెలిసి మాట పడ్డారు. నా పేరు చెప్పేస్తే పోయేది కదా."

"ఎలా చెప్తాను? ఆ వరండాలో గోడకి అంటుకుపోయి నిలబడ్డావు నువ్వు. మొహంలో నెత్తురుచుక్క లేదు. తల్లి లేని పిల్లవి. వాడికి కోపమొస్తే కన్నూ మిన్నూ కానడు. ఆ కోపం నా మీద పడితే నేను మా ఇంటికి పోతాను. నీ మీద పడితే నువ్వెక్కడికి పోతావు, వాడింట్లోకేగా? నెల్లాళ్ళు బుసలుకొట్టి వాడే వస్తాడు, తీపి రొట్టె తిని పోతాడు, అంతే అనుకున్నాను."

"తీపి రొట్టేంటి?"

"పేకాన్ పప్పు వేసి చేసే పై. మా ఆవిడ ఉన్నప్పుడు చేసేది. వాడికి ఇష్టం. పోనీలే, ఎందుకిప్పుడు. రాలేదు వాడు. అక్కడ నా లెక్క తప్పింది."

"మీ వ్యాపారం కూడా పోయింది."

"పోయింది. ఈ పనిలో పేరే తిండి పెడుతుంది. నిలవదు అన్న మాట ఒక్కసారి అంటుకుంటే ఏ స్పిరిటుకీ వదలదు. ఒకడు మిగిలాడు, ఒహాయోలో, వట్టి రబ్బర్లు కొనేవాడు. నన్నెప్పుడూ చూసిందీ లేదు. మూణ్ణెల్లకోసారి టైపు కొట్టిన ఉత్తరం. 'రబ్బరు బాగుంది. ఇంకో ఎనిమిది పంపండి.' అంతే, ఇంకో ముక్క ఉండదు. నవ్వుతావేమో గానీ, ఆ ముక్క చదువుకుని మూణ్ణెల్లు బతికేవాణ్ణి. ఫిబ్రవరి తర్వాత వాడూ ఆగిపోయాడు."

"నవ్వను బాబాయ్. నాకు ఏడుపొస్తోంది."

"ఏడవాలంటే ఏడువు. తుడుచుకోడానికి మాత్రం ఇక్కడన్నీ నూనె గుడ్డలే."

"ప్రతి క్రిస్మస్‌కీ చెప్దామనుకున్నాను. నాన్నా, అది రబ్బరు తప్పు కాదు, నాది అని. బల్ల దగ్గర కూర్చున్న ఆయన్ని చూస్తే నోరు పెగిలేది కాదు. వచ్చే ఏడు చెప్దాంలే అనుకునేదాన్ని. ఇంక వచ్చే ఏడు లేదు. రేపు పూడ్చేస్తారు. తెలీకుండానే పోయాడు. మీ మీద కోపంతోనే పోయాడు. నేను చేసిన పని ఆయనతోపాటు మట్టిలోకి పోతోంది. అదే నన్ను తినేస్తోంది."

"చచ్చినవాడికి కోపముండదు."

"నాకుంటుందిగా, నా మీద. అందుకే, నాణెం డన్‌హమ్ గారు కాదు, మీరు విరవాలి. మీరే రావాలి. అడగడానికి అసలొచ్చింది అందుకే."

"నేను రాను."

"బాబాయ్."

"ఎన్ని బాబాయ్‌లన్నా రాను. ఇక్కడికి నలభై మైళ్ళలో ఉండి, పదకొండేళ్ళు నా మొహం చూడనివాడు. చూడకూడదనే కదా? వాడు లేచి వద్దనలేని రోజు చూసుకుని, వాడి పెట్టె పక్కన నిలబడి, వాడి నాణెం విరవనా? అది దొంగతనంలా ఉంటుంది. ఇలా తే, చచ్చిన రబ్బరు వేసిస్తాను. కిటికీలో ఎండిపోయినవి బోలెడున్నాయి. డన్‌హమే విరుస్తాడు."

"సరే మరి. ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు. ఆ సూది అందుకో. అది కాదు, వంపు తిరిగింది. తెరిచే పెట్టాడు, మంచిపని. ఇదిగో, ఇలా గాడిలోంచి పైకి లేపితే..."

"ఏమైంది?"

"ఈ రబ్బరు ఎక్కడిది?"

"నాకేం తెలుసు? ఎక్కడో కొనుక్కునేవాడు. తరచూ మార్చేవాడు. సంచిలో ఇంకా ఉన్నాయి, చిన్న సీసాలో పౌడర్లో పెట్టి."

"ఏ పౌడరు? చంటిపిల్లలకి రాసేదా?"

"అవును. ఎలా తెలుసు?"

"ఆ పౌడర్లో పెట్టి పంపేది నేనే కనక. ఈ రంగు చూడు. తెల్ల రబ్బరు అంచులో కనబడుతుందని, అక్రోటు తొక్కలు నానేసి ఆ నీళ్ళలో రాత్రంతా ఉంచుతాను. వేళ్ళు నెలరోజులు నల్లగా ఉంటాయి. ఇంత పిచ్చిపని ఈ దేశంలో ఇంకెవడూ చెయ్యడు."

"పాతదేమో. మీరు పోస్టులో పంపినప్పటిది."

"రబ్బరు పదకొండేళ్ళుంటుందా? లాగి చూడు, ఎలా సాగుతోందో. ఇది పోయిన చలికాలంలో కోసింది."

"అయితే నాన్నకి మీరు అమ్మారా?"

"నేనమ్మింది ఒక్కడికేనని చెప్పానుగా. ఆ సొరుగు లాగు. పైది కాదు, కిందది. ఉత్తరాల కట్ట ఉంటుంది, తీగ చుట్టి."

"ఇవేనా? ఈ కవరు మీద... బాబాయ్."

"ఊఁ?"

"ఎల్. ప్రూయిట్ అని ఉంది. పోస్టు బాక్సు, టొలీడో, ఒహాయో."

"అవును. ప్రూయిట్. ఆ ఒహాయో మనిషి."

"ప్రూయిట్ మా అమ్మ పుట్టింటి పేరు."

"ఏదీ, ఇలా చూపించు."

"ఈ టైపు మిషను మా వంటగదిలోది. చూడండి, లైనుకో అక్షరం పైకి ఎగిరి పడుతోంది. చిన్నప్పుడు నేను దాంట్లో జామ్ పోశాను. బాగుచేయించరా అని ఎవరన్నా అంటే, అది మా అమ్మాయి సంతకం అనేవాడు. బాబాయ్, కూర్చోండి మీరు. ముందు కూర్చోండి."

"అడుగుది తియ్యి. మొట్టమొదటిది. ఏ నెల?"

"జనవరి. ఆ ఏడాది దాటగానే జనవరి."

"కారెప్పుడమ్మాడన్నావు?"

"క్రిస్మస్‌కి ముందు. అమ్మే రోజు పొద్దుటినించీ దాన్ని లోపలంతా ఊడ్చాడు. సీట్లు కూడా విప్పి... అయ్యో. మూత దొరికింది ఆయనకి."

"దొరికింది వెధవకి. ముక్కల మీది ఎరుపు వాడూ చూసే ఉంటాడు, మూత చూడగానే లెక్క కలిసుంటుంది. దొరికి, పదకొండేళ్ళు నా దగ్గర రబ్బర్లు కొన్నాడు. స్టాంపు అంటించడానికి లేచిన చెయ్యి తలుపు కొట్టడానికి లేవలేదు."

"తలుపు కొడితే, నీ రబ్బరు మంచిదేనని ఎలా తెలిసిందిరా అని అడిగేవారు మీరు. అప్పుడు నా పేరు చెప్పాలి."

"నాకు తెలుసురా లయిల్, ఆ రాత్రే తెలుసు అనేవాణ్ణి. ఒక్క మాట. ఒక్క మాటకి ఇద్దరం ముసలాళ్ళమైపోయాం."

"ఏడవకండి బాబాయ్."

"ఏడవట్లేదు. ఆ ఎండిన రబ్బరు అవతల పారెయ్. వాడి నాణేనికి వాడు వేసుకున్న రబ్బరే ఉంటుంది. రేపు పదకొండింటికన్నావా? నేనే వస్తాను. నా కత్తితో నేనే కోస్తాను. డన్‌హమ్‌ని పక్కకి తప్పుకోమని చెప్పు."

"చెప్తాను."

"ఆ కట్టలో అన్నిటికంటే పైది, ఫిబ్రవరిది, చూశావా? అది వచ్చినప్పుడు వీడికి మతి పోయిందనుకున్నాను. అదొక్కటే పొడుగ్గా ఉంటుంది. గట్టిగా చదువు."

"'రబ్బరు బాగుంది. పదకొండేళ్ళూ బాగుంది. ఈసారి పంపొద్దు. ఇకమీదట మా అమ్మాయి...'"

"ఆగావేం?"

"అక్షరాలు ఆనడం లేదు బాబాయ్."

"ఇలా ఇవ్వు. నా కళ్ళజోడేదీ... ఆఁ. 'ఇకమీదట మా అమ్మాయి వస్తుంది. నాణెం మడిచి ఉంచకూడదని దానికి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ తప్పు నాది, దానిది కాదు.'"